మట్టి లెక్క ఉంది, మనుషుల లెక్కేదీ? రైల్వే బోర్డుకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రైల్వే బోర్డు ఛైర్మన్ గారికి, సభ్యులకు,

నమస్కారం.

హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే బండి లోనావాలా దాటాక నెమ్మదిస్తుంది. ఘాట్ దిగుతున్నంతసేపూ పిల్లలు కిటికీలు వదలరు. ఒక సొరంగంలోంచి బయటపడి ఊపిరి తీసుకునేలోపే ఇంకో సొరంగం. చీకటి పడగానే కేకలు, వెలుగు రాగానే నవ్వులు. వానాకాలమైతే కొండల మీంచి నీళ్లు జారుతుంటాయి, ఫోన్లన్నీ బయటికి వస్తాయి. భివండీ మగ్గాల మీద బతకడానికి వెళ్లిన మన తెలంగాణ నేతన్నలు మూడు నాలుగు తరాలుగా ఆ దారినే వెళ్లివస్తున్నారు. నేనూ చాలాసార్లు వెళ్లాను. ఘాట్ దిగాక కర్జత్‌లో బండి ఆగితే వడాపావ్ తింటూ వెనక్కి తిరిగి ఆ కొండ చూస్తాను. ఆ కొండ గురించే ఈ ఉత్తరం.

మాది వడ్డెర కుటుంబం. మా తాతలు చెరువు కట్టలు పోశారు, బావులు తవ్వారు, రైలు కట్టలు పోశారు. నాన్న నన్ను చదివించాడు కాబట్టి నేను మట్టి మోయలేదు. కానీ చిన్నప్పుడు సెలవుల్లో నాన్నతో పాటు పనిచోటికి వెళ్లేవాణ్ని. అక్కడ ఒకటి చూశాను. కట్టకు మట్టి తీసే గుంటలో మధ్యమధ్య కొంత మట్టిని తవ్వకుండా దిమ్మలా వదిలేసేవారు. చుట్టూ నడుముల్లోతు తవ్వేసినా ఆ దిమ్మ మాత్రం నెత్తిన గడ్డితో అలాగే నిలబడి ఉండేది. ఎందుకు నాన్నా అని అడిగితే, "అది సాక్షిరా. ఎంత లోతు తవ్వామో అదే చెబుతుంది. కొలత అయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదు" అన్నాడు. శనివారం కొలతలు తీసుకోవడానికి మనిషి వచ్చి టేపు పట్టేవాడు. పొడవు, వెడల్పు, దిమ్మ ఎత్తు. అంతే. ఎంతమంది తవ్వారు, ఎవరికి చెయ్యి తెగింది, ఎవరు జ్వరంతో గుడిసెలో పడి ఉన్నారు అన్నది ఆ పుస్తకంలో ఉండదు. కొలత మట్టికే.

లోనావాలా, కర్జత్ మధ్య ఉన్న ఆ కొండదారి పేరు బోర్ ఘాట్. దాని చరిత్ర చదివినప్పుడు నాకు మళ్లీ ఆ దిమ్మే కళ్ల ముందుకొచ్చింది.

గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే అనే బ్రిటిష్ కంపెనీ ఆ ఘాట్ పనిని 1856 జనవరిలో మొదలుపెట్టింది. 1863 ఏప్రిల్ 21న బొంబాయి గవర్నర్ సర్ బార్టిల్ ఫ్రెరే దారిని ప్రారంభించారు. దారి పొడవు పదహారు మైళ్లకు కాస్త తక్కువ. ఆ కొద్ది దూరంలోనే 1,831 అడుగులు పైకెక్కాలి. 25 సొరంగాలు, 8 పెద్ద వంతెనలు. తొలిచిన రాయి, మట్టి కలిపి 16 లక్షల ఘనపు గజాల పైచిలుకు, పోసిన కట్టలు 18 లక్షల ఘనపు గజాల పైచిలుకు. ఖర్చు సుమారు 11 లక్షల పౌండ్లు. ఇంజినీరు జేమ్స్ బర్క్లీ పేరు, కాంట్రాక్టర్ల పేర్లు అన్నీ భద్రంగా ఉన్నాయి. ఏ సొరంగం ఎన్ని గజాలో కూడా ఉంది.

ఆ పనిలో చనిపోయినవాళ్ల జాబితా మాత్రం లేదు. దొరికిన ముక్కలన్నీ కలిపి చరిత్రకారులు వేసే అంచనా దాదాపు 25,000 మంది. అది అంచనాయే, లెక్క కాదు. ఘనపు గజాలను చివరి అంకె వరకు రాసుకున్నవాళ్లు, మనుషులను వేలల్లో కూడా రాసుకోలేదు.

అక్కడ పని ఎలా సాగిందో కొంచెం చెప్పనివ్వండి. రైల్వే వేడుకల్లో మనం చూపించే బొమ్మల్లో ఇది కనిపించదు.

ఆ కొండ నల్లరాయి. యంత్రాలు లేవు, డైనమైట్ ఇంకా రాలేదు. సమ్మెట, ఉలి, తుపాకి మందు, అంతే. సొరంగం ఎక్కడ మొదలవ్వాలో గుర్తు పెట్టడానికి కూడా కొన్నిచోట్ల కాలు పెట్టే జాగా లేదు. మనుషులను కొండ అంచు నుంచి తాళ్లతో కిందికి దింపేవారు. ఒక మనిషి నడుముకు తాడు కట్టుకుని, పాదాలు రాతికి తన్నిపెట్టి, గాలిలో వేలాడుతూ ఉలి పట్టుకుంటాడు. ఒక దెబ్బ వేస్తే రాయి పొడి రాలుతుంది. మళ్లీ దెబ్బ. జానెడు లోతు రంధ్రానికి ఎన్ని దెబ్బలు పడతాయో రాయి కొట్టినవాళ్లకే తెలుసు. రంధ్రంలో మందు దట్టించి, వత్తి పెట్టి, అంటించాక పైవాళ్లు తాడు లాగాలి. తాడు లాగేవాడి చేయి జారినా, వత్తి అనుకున్నదానికంటే ముందే కాలినా ఆ మనిషి కథ అక్కడితో సరి. సొరంగం లోపలైతే పొగ, దుమ్ము, పైనుంచి పెచ్చులు. రాయి తొలిచే పని మగవాళ్లదైతే, ఆ రాయిని, మట్టిని తట్టల్లో ఎత్తి మోసుకెళ్లడం ఆడవాళ్లది, పిల్లలది. కూలి ఒక మనిషికని లేదు, కుటుంబమంతా వంగితేనే ఆ రోజు గింజలు.

వానలు మొదలైతే బయటి పని ఆగిపోయేది. నాలుగు నెలలు కొండ మీద పనీ లేదు, కూలీ లేదు. జనం ఊళ్లకు పోయి మళ్లీ దసరా తర్వాత వచ్చేవారు. వచ్చేటప్పుడు మళ్లీ కొత్త అప్పు. పని జోరుగా ఉన్న 1861లో ఒక దశలో 42,000 మందికి పైగా ఆ కొండ మీద ఉన్నారు. అంతమంది ఆకులు, గడ్డి కప్పిన పాకల్లో ఉంటూ, ఒకే వాగు నీళ్లు తాగుతుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కలరా వచ్చింది. మళ్లీ మళ్లీ వచ్చింది. జ్వరాలు సరేసరి. రాయి కంటే రోగమే ఎక్కువమందిని తీసుకుపోయింది. 1859లో కాంట్రాక్టు తీసుకున్న సాలమన్ ట్రెడ్‌వెల్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన కొన్ని వారాలకే చనిపోయాడు. ఆయన భార్య ఆలిస్ ధైర్యంగా కాంట్రాక్టును తన చేతుల్లోకి తీసుకుని పని పూర్తిచేయించింది. ఆమెను గుర్తుపెట్టుకోవడం న్యాయమే. కానీ బంగళాలో ఉన్న కాంట్రాక్టరే నెల నిలవని చోట, గడ్డిపాకలో ఉన్నవాళ్లు ఎంతమంది నిలిచి ఉంటారు? వాళ్లలో కూడా భర్త పోయిన మర్నాడు తట్ట ఎత్తుకున్న ఆడవాళ్లు ఉన్నారు కదా. ఒక్కరి పేరూ మనకు రాలేదు.

వాళ్లు నోరు మూసుకుని పడి ఉన్నారని కూడా అనుకోవద్దు. ట్రెడ్‌వెల్ కంటే ముందు కాంట్రాక్టరు విలియం ఫేవియెల్. ఆయన హయాంలో కూలి బాకీలు పేరుకుపోయాయి. కాంట్రాక్టరు నుంచి సబ్ కాంట్రాక్టరుకు, అక్కడి నుంచి ముకద్దంకు, అంటే కూలీల మేస్త్రీకి, ముకద్దం నుంచి కూలీకి. చేతులు మారేకొద్దీ డబ్బు తగ్గేది, రోజులు పెరిగేవి. 1859 జనవరిలో కూలీలు తిరగబడ్డారు. తెల్ల సూపర్‌వైజర్ల మీదికి వెళ్లారు. విచారణ జరిగింది. కొద్ది నెలలకే ఫేవియెల్ కాంట్రాక్టు వదులుకున్నాడు. అదే ఏడాది ఒక చట్టం వచ్చింది. కూలి సకాలంలో ఇవ్వని యజమానిని శిక్షించే చట్టం కాదు. అడ్వాన్సు తీసుకుని పని వదిలేసిన పనివాణ్ని జైల్లో పెట్టే చట్టం. అది 1925 దాకా అమల్లో ఉంది. లండన్‌లో ఆ కంపెనీ షేర్లు కొన్నవాళ్లకు మాత్రం నష్టమొచ్చినా లాభమొచ్చినా ఏటా 5 శాతం గ్యారంటీ. ఆ గ్యారంటీ సొమ్ము ఈ దేశం పన్నుల్లోంచే. కొండ మీద ఉలి పట్టినవాడికి ఏ గ్యారంటీ లేదు, వాడు కట్టిన పన్ను వాటాదారుడికి గ్యారంటీ.

అప్పట్లో లెక్కలు రాయడం తెలియదు, కాలం అలాంటిది అని కొందరంటారు. నేను ఒప్పుకోను. దానికి నా దగ్గర రెండు కారణాలున్నాయి.

ఒకటి, తూర్పు ఆఫ్రికాలోని ఉగాండా రైల్వే. 1896లో మొంబాసా దగ్గర మొదలై 1901లో విక్టోరియా సరస్సు చేరింది. సావో దగ్గర సింహాలు కూలీలను తిన్న కథ అందరికీ తెలుసు. నిజానికి అక్కడా ఎక్కువమందిని చంపింది జ్వరాలు, విరేచనాలే. ఆ పనికి ఇండియా నుంచి, ఎక్కువగా పంజాబ్ నుంచి, దాదాపు 32,000 మందిని తీసుకెళ్లారు. సుమారు 2,500 మంది చనిపోయారని, ఆరు వేల మందికి పైగా పని చేయలేని స్థితిలో తిరిగి వచ్చారని రికార్డులు చెబుతున్నాయి. ఎలా తెలిసింది? ఆ కూలీ ఒప్పందం మీద సముద్రం దాటాడు. పోయిన మనిషికి, వచ్చిన మనిషికి కాగితం ఉండాలి. కాగితం ఉంటే లెక్క ఉంటుంది. అదే సామ్రాజ్యం, అదే ఇండియా కూలీ. ఓడ ఎక్కితే లెక్క, ఘాట్ ఎక్కితే లేదు.

రెండోది మన దగ్గరిదే. రైలు రాకముందు ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్లకు చేరవేసి, తిరుగు దారిలో ధాన్యం తెచ్చుకుని బతికిన ఎరుకలవాళ్ల వ్యాపారాన్ని రైలు మింగేసింది. బతుకుతెరువు పోయినవాళ్లను తర్వాత నేరస్థ జాతుల చట్టం కింద దొంగలుగా రాసుకున్నారు. పేరు పేరునా రిజిస్టర్లు, వేలిముద్రలు, పొద్దున సాయంత్రం హాజరు. స్టువర్టుపురం అలా పుట్టిన ఊరే. అంటే మనిషిని మనిషిగా లెక్కపెట్టడం ఆ ప్రభుత్వానికి బాగానే వచ్చు. ఎవరిని లెక్కపెట్టాలో, ఎవరిని వద్దో వాళ్లే తేల్చుకున్నారు.

ఇక మన నల్లమల. గిద్దలూరు, నంద్యాల మధ్య అడవిలో పాత దొరబావి వంతెన స్తంభాలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1876–78 కరువు తర్వాత, కరువు సీమకు తిండిగింజలు చేరాలని తలపెట్టిన లైను అది. 1880ల్లో ఆ అడవిలో, ఆ లోయలో, అంత ఎత్తున రాయి మీద రాయి పేర్చినవాళ్లు ఎవరు? నల్లమల జ్వరం పేరు చెబితే ఇప్పటికీ పెద్దవాళ్లు భయపడతారు. మీటర్ గేజ్ పోయి బ్రాడ్ గేజ్ వచ్చాక ఆ వంతెనను వదిలేశారు. స్తంభాలు మా నాన్న చూపించిన దిమ్మల్లాగే నిలబడి ఉన్నాయి. కొలిచినవాళ్లు కొలుచుకుని వెళ్లిపోయారు.

అయ్యా, ఇదంతా పాత కథ అని పక్కన పెట్టేలా ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు.

2022 జూన్ చివరి రోజున మణిపూర్‌లోని తుపుల్ దగ్గర, జిరిబామ్–ఇంఫాల్ లైను పనిచోట అర్ధరాత్రి కొండ విరిగి పడింది. కాపలా ఉన్న టెరిటోరియల్ ఆర్మీ జవాన్లు, పనివాళ్లు కలిపి 50 మందికి పైగా చనిపోయారు. 2023 ఆగస్టు 23న మిజోరంలో సైరాంగ్ దగ్గర కడుతున్న వంతెన మీది గ్యాంట్రీ, అంటే బరువులెత్తే పెద్ద ఇనుప చట్రం, కూలింది. 20 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ మాల్దా జిల్లా వాళ్లు. 2025లో ఆ లైను మొదలైనప్పుడు దాని మీది ఒక వంతెన కుతుబ్ మినార్ కంటే ఎత్తు అని దేశమంతా చెప్పుకున్నాం. నేనూ ఆ వీడియోలు చూశాను, గర్వంగానే చూశాను. ఐజ్వాల్‌కు రైలు రావడం చిన్న విషయం కాదు. కానీ ఎత్తు నాకు మీటర్లలో తెలిసింది. చనిపోయినవాళ్ల పేర్లు వెతుక్కోవలసి వచ్చింది.

ఇవి పెద్ద ప్రమాదాలు కాబట్టి పేపర్లో వచ్చాయి. ఒక్కరు, ఇద్దరు పోయే చోట్ల సంగతి ఏమిటి? మట్టిపెళ్ల కింద ఒకడు, కరెంటు తగిలి ఒకడు, ట్రాక్ పక్కన పనిచేస్తూ వెనక బండి చూసుకోక ఒకడు. లోకల్ పేజీలో నాలుగు లైన్లు, అంతే.

మా చిన్నాన్న అలా పోయినవాడే. అది మీ లైను కాదు. ఒక ఫ్యాక్టరీ కోసం వేస్తున్న రైలు కట్ట పని. పేరు చెప్పను, ఇప్పుడు చెప్పి లాభం లేదు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని చిన్నాన్న, చిన్నమ్మ ఇద్దరూ వెళ్లారు. పాలమూరు లేబర్ దేశమంతా తిరిగింది ఈ పద్ధతిలోనే. బోర్ ఘాట్ ముకద్దానికీ మన గుంపు మేస్త్రీకీ పేరులోనే తేడా. కట్టింగ్ కింద మట్టి తీస్తుంటే పక్క గోడ విరిగి చిన్నాన్న మీద పడింది. తవ్వి తీసేసరికి ప్రాణం లేదు. కాంట్రాక్టరు ఆ రాత్రే మనుషులను పంపి కొంత డబ్బు ఇచ్చి, శవాన్ని వ్యాన్‌లో ఊరికి పంపించాడు. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, చిన్నాన్న పేరే లేదట. పేరు లేనివాడు అక్కడ పనిచేయనట్టే, పనిచేయనివాడు అక్కడ చావనట్టే. ఆ వారం కొలతలు మాత్రం తీసుకున్నారు. చిన్నాన్న తవ్విన గుంట కూడా అందులో కలిసే ఉంటుంది. ఇచ్చిన డబ్బులోంచి అడ్వాన్సు బాకీ పట్టుకున్నారని చిన్నమ్మ చాలా ఏళ్ల తర్వాత మాకు చెప్పింది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. అడగడానికి మీరు సరైనవాళ్లు, ఎందుకంటే ఈ దేశంలో ఇంత పెద్దగా, ఇంత కాలంగా మట్టి పని చేయించే సంస్థ ఇంకొకటి లేదు. మీరు ఒక పద్ధతి పెడితే మిగతావాళ్లు దాన్ని చూసి నేర్చుకుంటారు.

ఇప్పుడు కడుతున్న ప్రతి కొత్త లైను, ప్రతి డబ్లింగ్, ప్రతి వంతెన పనిలో చనిపోయిన కాంట్రాక్టు, సబ్ కాంట్రాక్టు కూలీల జాబితాను జోన్‌లవారీగా ఏటా బయటపెట్టండి. పేరు, వయసు, ఏ పనిలో, ఎలా, కుటుంబానికి ఎంత అందింది. కాంట్రాక్టు కూలీల వేతనాల వివరాలు పెట్టడానికి శ్రామిక్ కల్యాణ్ పోర్టల్ మీరే తెచ్చారు. జీతం వివరం పెట్టగలిగినప్పుడు ప్రాణం వివరం పెట్టలేరా? ఎవరైనా చూడగలిగేలా అక్కడే పెట్టండి. మస్టర్‌లో పేరు లేదన్న సాకు కాంట్రాక్టరు చెబితే, ఆ సాకే అతని బిల్లు ఆపడానికి సరిపోవాలి. కొలతల పుస్తకంలో సంతకం పెట్టే ఇంజినీరు, ఆ వారం పనిచోట ఎవరైనా చనిపోయారా, గాయపడ్డారా అన్న గడి నింపకుండా సంతకం పెట్టకూడదు. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఈ గడి. జాబితా పైనుంచి అడిగితే రాదు, గుంట దగ్గర రాస్తేనే వస్తుంది.

బోర్ ఘాట్ విషయంలో పాత కంపెనీ కాగితాలు, బొంబాయి ప్రభుత్వ రికార్డులు, 1859 విచారణ పత్రాలు, కలరా నివేదికలు చదివించడానికి ఒక చిన్న బృందాన్ని వేయండి. దొరికినన్ని పేర్లు దొరకనివ్వండి. పది దొరికినా పదే. 1853 ఏప్రిల్ 16న బోరీ బందర్ నుంచి ఠాణేకు వెళ్లిన మొదటి బండిని తలుచుకుని మీరు ఏటా రైల్వే వారం జరుపుతారు. ఆ వారంలో ఒక రోజు ఆ పేర్లు చదవండి. బండి ఎక్కినవాళ్లను తలుచుకున్నట్టే దారి వేసినవాళ్లనూ తలుచుకోవచ్చు.

కర్జత్‌లో, లోనావాలాలో ప్లాట్‌ఫారం మీద ఒక రాయి నిలపండి. బ్రహ్మాండమైన స్మారకం అక్కర్లేదు. ఆ కొండ నల్లరాయే, మనిషి ఎత్తు ఉంటే చాలు. పైకి వెళ్లే బళ్లకు వెనక ఇంజిన్లు తగిలించడానికి కర్జత్‌లో కాసేపు ఆపుతారు కదా, జనం దిగి చదువుకుంటారు. మరాఠీలో, హిందీలో, ఇంగ్లీషులో రాయించండి. దారిపొడవునా తెలుగువాళ్లు, కన్నడిగులు, తమిళులు వెళ్తారు, వాళ్ల భాషల్లో కూడా రాయించండి. దొరబావి స్తంభాల దగ్గర కూడా అలాంటిదే ఒకటి. అక్కడ బండి ఆగదు, కానీ దగ్గర్లోని స్టేషన్లో పెట్టవచ్చు.

పోయినవాళ్లను తవ్వి తీసి ఏం లాభం, ఉన్న ట్రాక్‌మెన్ కష్టాలు చూడండి అని మీలో ఎవరైనా అనవచ్చు. ట్రాక్‌మెన్ కష్టాలు తప్పకుండా చూడాలి. ఎండలో, పొగమంచులో, రాత్రి పట్టాలు చూసుకుంటూ ఒంటరిగా కిలోమీటర్ల కొద్దీ నడిచే కీమ్యాన్ చేతిలో సరైన హెచ్చరిక పరికరం ఉండాలి. అది వేరే ఖాతా కాదు. చనిపోయినవాణ్ని రాసుకునే అలవాటు ఉన్న ఆఫీసే బతికి ఉన్నవాణ్ని కాపాడే ఖర్చుకు ఫైలు కదుపుతుంది. లెక్కలో లేని చావు మీద ఎవరూ బడ్జెట్ అడగరు.

మా చిన్నమ్మ ఇంకా ఉంది. చదవడం రాదు. మీరు ఆ మొదటి జాబితా బయటపెట్టిన రోజున నేను ఊరికి వెళ్లి ఆమెకు చదివి వినిపిస్తాను. అందులో చిన్నాన్న పేరు ఉండదని ఆమెకు తెలుసు, అది మీ పని కాదు కదా. అయినా కూర్చుని వింటుంది. ఒక్కో పేరుకూ ఆపి, వాళ్లది ఏ ఊరు అని అడుగుతుంది. దయచేసి ఊరి పేరు కూడా రాయించండి.

ఇట్లు,
మట్టి పని చేసిన కుటుంబంలో పుట్టిన ఒక రైలు ప్రయాణికుడు